అప్‌డేట్ దిగింది సరే, బ్రౌజర్ మూసి తెరిచారా?

కడపలో మాది చిన్న నెట్ సెంటర్. ఐదు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మెషీన్, ఒక కలర్ ప్రింటర్. 2009లో మా ఆయనా నేనూ కలిసి పెట్టుకున్నాం, ఇప్పుడు నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిది దాకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అడంగల్, వన్‌-బీ కావాలని రైతులు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకోవాలని పిల్లలు, పీఎఫ్ డబ్బులు తీసుకోవాలని ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. అందరూ ఆధార్ నంబర్ చెప్తారు, ఫోనుకొచ్చిన ఓటీపీ పైకి చదువుతారు, కొందరు పాస్‌వర్డ్ కూడా కాగితం మీద రాసిచ్చి ‘నువ్వే కొట్టమ్మా’ అంటారు. అవన్నీ పోయేది నా సిస్టమ్‌లోని బ్రౌజర్ గుండానే. ఆ బ్రౌజర్‌లో కన్నం ఉందంటే నా ఇంటి తలుపుకు గడియ లేనట్లే అనిపిస్తుంది నాకు.

బ్రౌజర్‌లో పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడిందని వార్త వచ్చిన ప్రతిసారీ మా వీధిలో షాపులవాళ్లు, తెలిసిన ఆఫీసులవాళ్లు నాకు ఫోన్ చేస్తారు. వాళ్లకు ఫోనులో చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నెట్ సెంటర్ ఉన్నవాళ్లకు, చిన్న ఆఫీసుల్లో లెక్కలు రాసేవాళ్లకు, ఇంట్లో పిల్లల చదువు కోసం ఒక కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లకు ఇది సరిపోతుంది.

ముందు ఆ లోపం అంటే ఏమిటో కొంచెం తెలియాలి, లేకపోతే చేసే పని మీద గురి కుదరదు. 2023 సెప్టెంబరులో వచ్చిన వెబ్‌పీ లోపాన్నే తీసుకోండి. లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2023-4863. వెబ్‌పీ అనేది జేపీజీ లాంటి ఒక ఫొటో ఫార్మాట్. సైట్లలో మనం చూసే బొమ్మల్లో చాలానే ఇప్పుడు ఆ ఫార్మాట్‌లో వస్తున్నాయి. బొమ్మ వచ్చినప్పుడు దాన్ని విప్పి చూపించడానికి బ్రౌజర్ మెమరీలో కొంత చోటు కేటాయించుకుంటుంది. పది బస్తాలు పట్టే గోడౌన్‌కు పన్నెండు బస్తాల పసుపు వచ్చిందనుకోండి. లెక్క చూసుకోని హమాలీలు మిగిలిన రెండు బస్తాలను పక్కవాళ్ల గోడౌన్‌లో దించేసి, అక్కడున్న సరుకును తొక్కేస్తారు. వెబ్‌పీలో జరిగింది అదే. కావాలని తప్పుగా తయారుచేసిన బొమ్మ వస్తే, బ్రౌజర్ తనకు కేటాయించిన చోటు దాటి పక్కన రాసేస్తుంది. ఆ పక్కన ఏం రాయాలో బొమ్మ తయారుచేసినవాడే నిర్ణయించుకుంటాడు కాబట్టి, వాడి ప్రోగ్రామ్ మీ సిస్టమ్‌లో నడిచే వీలు వస్తుంది. మీరు ఏ ఫైలూ దించుకోనక్కర్లేదు, ఏ బటనూ నొక్కనక్కర్లేదు, బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు. ‘మేము పిచ్చి సైట్లు చూడం కదా’ అనే మాట ఇక్కడ పనికిరాదు. మంచి సైట్‌లో వచ్చే ప్రకటన బొమ్మ కూడా ఎక్కడి నుంచో వచ్చేదే.

ఆపిల్ సెక్యూరిటీ బృందం, కెనడాలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ కలిసి ఆ లోపాన్ని గూగుల్‌కు తెలియజేశాయి. సెప్టెంబరు 11న క్రోమ్‌కు, మరుసటి రోజు ఫైర్‌ఫాక్స్‌కు సవరణ వచ్చింది. అప్పటికే దాన్ని వాడుకుని దాడి చేస్తున్నవాళ్లు ఉన్నారని గూగుల్ చెప్పింది. ఇలా సవరణ రాకముందే దొంగల చేతికి చిక్కిన లోపాన్నే జీరో డే అంటారు.

ఆ వారంలోనే నాకు బుద్ధి వచ్చింది. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

మా షాపులో సిస్టమ్‌లన్నిటికీ ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ ఉండేది. నెట్ సెంటర్లవాళ్లకు ఇది బాగా తెలుసు. రోజంతా ఎవరు ఏం దించినా, ఏం మార్చినా, రీస్టార్ట్ కొడితే సిస్టమ్ మళ్లీ మొదట ఫ్రీజ్ చేసిన రోజు ఎలా ఉందో అలాగే వస్తుంది. వైరస్ గొడవ ఉండదని ఆ ఏడాది ఏప్రిల్‌లో అన్నిటినీ ఫార్మాట్ కొట్టి, శుభ్రంగా ఫ్రీజ్ చేసి హాయిగా ఉన్నాను. సెప్టెంబరులో మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన హెచ్చరిక చూసి, మూడో సిస్టమ్‌లో క్రోమ్ వెర్షన్ తెరిచాను. 112 అని ఉంది. ఉండాల్సింది 116. నాలుగో సిస్టమ్ చూశాను, అదీ 112. ఐదూ అంతే. ప్రతిరోజూ పగలు క్రోమ్ తన అప్‌డేట్ తాను దించుకుంటోంది, రాత్రి నేను షట్‌డౌన్ చేయగానే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని తుడిచేస్తోంది. ఐదు నెలలు ఇదే జరిగింది. ఆ మధ్యలో ఎంత మంది వచ్చి కూర్చున్నారో!

ఆ రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని ఐదింటినీ సరిచేశాను. మరుసటి రోజు నుంచి, మా దగ్గర నెట్ బ్యాంకింగ్ చేసుకున్నట్లు నాకు గుర్తున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, పాస్‌వర్డ్ మార్చుకోమని, ఎందుకు మార్చుకోవాలో దాచకుండా చెప్పాను. ఎవరికీ డబ్బు పోలేదు. ఒకాయన మాత్రం “ముందే చూసుకోవద్దా అమ్మా” అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

అందుకే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు మొట్టమొదట చేయాల్సింది వారానికి ఒక రాత్రి దాన్ని తీయడం. మా షాపులో గురువారం పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టి, ఫ్రీజ్ తీసి రీస్టార్ట్ చేయాలి. విండోస్ అప్‌డేట్లు, బ్రౌజర్ అప్‌డేట్లు అన్నీ పూర్తయ్యాక ఒకసారి మళ్లీ రీస్టార్ట్ చేసి, వెర్షన్ నంబర్ చూసి, అప్పుడు ఫ్రీజ్ చేయాలి. ఫ్రీజ్ తీసి ఉన్నంతసేపూ ఆ సిస్టమ్‌లో కస్టమర్‌ను కూర్చోబెట్టకండి. పెన్‌డ్రైవ్ కూడా పెట్టనివ్వకండి. ఆ గంటలో ఏదైనా లోపలికి వస్తే దాన్ని కూడా కలిపి ఫ్రీజ్ చేసినట్లవుతుంది. గురువారమే ఎందుకంటే, 2023 ఆగస్టు నుంచి క్రోమ్‌కు వారం వారం సెక్యూరిటీ అప్‌డేట్ వస్తోంది. ఎక్కువగా అమెరికాలో మంగళవారం విడుదల చేస్తారు, మనకు బుధవారమో గురువారమో చేతికి అందుతుంది.

వెర్షన్ చూడటం

క్రోమ్‌లో పైన కుడిచేతి వైపు మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కి, కిందికి వచ్చి హెల్ప్, అందులో అబౌట్ గూగుల్ క్రోమ్. ఆ పేజీ తెరవగానే అప్‌డేట్ ఉందా అని క్రోమ్ అప్పటికప్పుడు వెతుకుతుంది. దానంతట అది దించుకునేదాకా ఆగితే రోజులు పట్టవచ్చు, ఎందుకంటే కొత్త వెర్షన్‌ను ప్రపంచంలో అందరికీ ఒకేసారి పంపరు. మీరుగా ఈ పేజీకి వెళితే ఆ వరుసలో నిలబడే పని తగ్గుతుంది. ఎడ్జ్‌లో మూడు చుక్కలు, హెల్ప్ అండ్ ఫీడ్‌బ్యాక్, అబౌట్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు, హెల్ప్, అబౌట్ ఫైర్‌ఫాక్స్.

ఇక్కడే చాలా మంది మోసపోతారు. మా పక్క వీధిలో ఒక ఆడిటర్ ఆఫీసు ఉంది. అక్కడ పనిచేసే అబ్బాయి ఫోన్ చేసి “చూసినా అక్కా, అప్ టు డేట్ అనే ఉంది” అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి, ఉన్నది ఉన్నట్లు మొత్తం చదవమన్నాను. “నియర్లీ అప్ టు డేట్” అని చదివాడు. ఆ పక్కనే రీలాంచ్ అని బటన్ కూడా ఉందన్నాడు. ఆ ‘నియర్లీ’లోనే ఉంది కథంతా. అప్‌డేట్ దిగి డిస్క్‌లో కూర్చుంది, కానీ ఇప్పుడు నడుస్తున్నది పాత క్రోమే. బ్రౌజర్ మూసి తెరిచే దాకా పాత కన్నం పాత కన్నంలాగే ఉంటుంది. ఆ అబ్బాయి క్రోమ్ మూసి ఎన్ని రోజులైందని అడిగితే, ఈ నెల మొదట్లో అన్నాడు. రాత్రి పూట షట్‌డౌన్ చేయరా అంటే స్లీప్‌లో పెట్టి పోతారట. ముప్పై నలభై ట్యాబులు తెరిచి ఉంటాయి కదా, మూస్తే మళ్లీ వెతుక్కోవాలని వాళ్ల భయం.

ఆ భయం నిజమే, దానికి మందు కూడా ఉంది. రీలాంచ్ నొక్కితే మామూలు ట్యాబులన్నీ తిరిగి వస్తాయి. రానివి ఇన్‌కాగ్నిటో కిటికీలు. సగం నింపిన ఫారంలో టైపు చేసింది కూడా పోతుంది. కాబట్టి జీఎస్టీ రిటర్న్ మధ్యలో ఉన్నప్పుడో, ఫీజు కడుతూ బ్యాంకు పేజీ తిరుగుతున్నప్పుడో రీలాంచ్ కొట్టకండి. ఆ పని ముగించండి, సేవ్ చేయండి, అప్పుడు కొట్టండి. తెరుచుకున్నాక మళ్లీ అబౌట్ పేజీకి వెళ్లి నంబర్ చూసుకోండి. ఆ రెండోసారి చూడటం మానొద్దు.

కిటికీ కొస మీదున్న ఇంటూ గుర్తు నొక్కితే క్రోమ్ మూసుకుపోయిందని కూడా అనుకోకండి. కొన్ని సిస్టమ్‌లలో కిటికీ పోయినా క్రోమ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, మూసిన తర్వాత కూడా వెనక యాప్‌లు నడవనిచ్చే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసుకోండి. రీలాంచ్ బటన్ వాడితే ఈ గొడవే ఉండదు.

నంబర్ పోల్చడం కూడా ఒకసారి నేర్చుకుంటే చాలు. వెబ్‌పీ సవరణ వచ్చిన క్రోమ్ వెర్షన్ విండోస్‌లో 116.0.5845.187. నాలుగు ముక్కలు. ఎడమ నుంచి కుడికి ఒక్కో ముక్కనే పోల్చుకుంటూ రావాలి. మొదటి మూడు ముక్కలూ సమానంగా ఉన్నా, చివరి ముక్క 187 కంటే తక్కువ ఉంటే మీకు సవరణ రానట్లే. ‘నాది కూడా 116 కదా’ అని ఊరుకున్నవాళ్లు ఆ వారం చాలా మందే ఉన్నారు. ఇంకో మాట, ఒక బ్రౌజర్ నంబర్‌ను ఇంకో బ్రౌజర్‌తో పోల్చకూడదు. ఫైర్‌ఫాక్స్ లెక్క వేరు. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా మూడూ క్రోమ్ తయారైన క్రోమియం మీదే నడుస్తాయి కాబట్టి క్రోమ్‌కు వచ్చిన లోపం చాలాసార్లు వాటికీ ఉంటుంది, కానీ సవరణ ఎవరిది వాళ్లు విడిగా పంపుతారు. క్రోమ్ అప్‌డేట్ చేశాం కదా అని ఎడ్జ్‌ను వదిలేయకండి. మీరు వాడకపోయినా విండోస్‌లో అది ఉంటుంది, ఏదో ఒక లింకు నొక్కినప్పుడు అదే తెరుచుకుంటుంది.

మా షాపులో కౌంటర్ కింద అరలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో పేజీ. గురువారం తేదీ, విండోస్ అప్‌డేట్ అయిందా లేదా, క్రోమ్ నంబర్, ఎడ్జ్ నంబర్, ఫైర్‌ఫాక్స్ నంబర్. ఐదు సిస్టమ్‌లకు పది నిమిషాలు పడుతుంది. గత వారం నంబరే ఈ వారం కూడా ఉంటే ఎక్కడో ఏదో ఆగిపోయిందని అక్కడే తెలిసిపోతుంది. నాలుగైదు సిస్టమ్‌లున్న ఆఫీసులు, స్కూళ్లు తప్పకుండా ఇలా రాసుకోవాలని నా కోరిక.

అప్‌డేట్ ఆగిపోతే

అప్‌డేట్ రాకపోతే జనం ముందు నెట్‌ను తిడతారు. నేను ముందు టాస్క్‌బార్ మూలకు చూస్తాను, తేదీ సరిగా ఉందా అని. మన ఊళ్లలో పాత సిస్టమ్‌లకు మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది, సైట్లూ తెరుచుకోవు, అప్‌డేటూ దిగదు. ఆ బ్యాటరీ పేరు సీఆర్ 2032, ఏ వాచీ షాపులోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది. స్విచ్ ఆపి, వైరు తీసేసి, క్యాబినెట్ తెరిచి పాతది తీసి కొత్తది పెట్టి, తేదీ సరిచేస్తే పని అయిపోతుంది. ఈ ఒక్క పనితో బాగుపడిన సిస్టమ్‌లు నా చేతి మీదుగా ఇరవై దాకా ఉంటాయి.

తేదీ బాగుంటే సీ డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి. అదీ కాకపోతే, డేటా మిగుల్చుకోవాలని ఎవరో అప్‌డేట్ సర్వీసును ఆపేసి ఉంటారు. సిస్టమ్ తెచ్చి ఇచ్చిన మెకానిక్కే ఆపేసి ఉండొచ్చు, అడిగి చూడండి. ఫోను హాట్‌స్పాట్‌తో పనిచేసేవాళ్లు దాన్ని మీటర్డ్ కనెక్షన్ అని పెట్టుకుంటే విండోస్ తన అప్‌డేట్లను చాలా వరకు ఆపేస్తుంది. డేటా నిజంగానే ఇబ్బందైతే, క్రోమ్ పూర్తి ఇన్‌స్టాలర్‌ను గూగుల్ క్రోమ్ సొంత సైట్ నుంచి ఒక సిస్టమ్‌లో ఒక్కసారి దించి, శుభ్రమైన పెన్‌డ్రైవ్‌తో మిగతా వాటిలో వేసుకోవచ్చు. సైజు నూరు ఎంబీ దాటుతుంది. సైట్ చిరునామా మీరే టైపు చేయండి. వెతికితే పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కకండి.

దీని గురించి గట్టిగా చెప్పాలి. మాకు తెలిసిన ఒక బంగారు షాపు ఉంది ప్రొద్దుటూరులో. అక్కడ లెక్కలు రాసే అబ్బాయి ఒక మధ్యాహ్నం భయం భయంగా ఫోన్ చేశాడు.

“అక్కా, మీరు చెప్పినట్లే క్రోమ్ అప్‌డేట్ చేసినా. అప్పటి నుంచి సిస్టమ్ కదల్లేదు.”

“యాడ నొక్కినావు నాయనా? మూడు చుక్కలు నొక్కినావా?”

“లేదక్కా. ఏదో వార్తల సైట్ చూస్తాంటే పేజీ నిండా వచ్చింది, మీ క్రోమ్ పాతదైపోయింది, అప్‌డేట్ చేయండి అని. క్రోమ్ గుర్తు కూడా ఉంది.”

నెట్ కేబుల్ పీకేయమని చెప్పి బస్సెక్కాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక జిప్ ఫైల్, దాని లోపల అప్‌డేట్ అనే పేరుతో ఒక జేఎస్ ఫైల్, అంటే క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్. వాడు దాని మీద రెండుసార్లు క్లిక్ చేశాడు. మంచి మనసుతో, నా మాట విని చేసిన పని అది. అందుకే ఇప్పుడు ఎవరికి చెప్పినా ఈ మాట కలిపి చెప్తున్నాను. పైన చెప్పినట్లు మీరుగా ఇన్‌స్టాలర్ తెచ్చుకుంటే తప్ప, నిజమైన క్రోమ్ అప్‌డేట్ ఏ వెబ్ పేజీలోనూ రాదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి ఫైలుగా రాదు. మూడు చుక్కల దగ్గర అప్‌డేట్ అని రంగు మారి కనిపిస్తుంది, అంతే. అక్కడ పచ్చ రంగు ఉంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజుల లోపే అయిందని, నారింజ అయితే నాలుగు రోజులు దాకా అయిందని, ఎరుపైతే వారం దాటిందని అర్థం. ఆ షాపు సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది. లెక్కల బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండబట్టి గండం గడిచింది.

సవరణ ఇంకా రాని రోజుల్లో

ఇది అన్నిటికంటే కష్టమైన సమయం. లోపం ఉందని లోకమంతా తెలుసు, మందు ఇంకా రాలేదు. 2014 ఏప్రిల్ 26న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అలాంటిదే వచ్చింది, 6 నుంచి 11 దాకా అన్ని వెర్షన్లకూ. మాకు అప్పుడు నాలుగు సిస్టమ్‌లు, నాలుగూ ఎక్స్‌పీవే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆ నెల 8వ తేదీతోనే ఆగిపోయింది. ఊరంతా మే 7 పోలింగ్ గురించి మాట్లాడుకుంటుంటే నేను వీటి గురించి నిద్ర పోకుండా కూర్చున్నాను. చివరికి మే 1న సవరణ ఇచ్చారు, దయతలచి ఎక్స్‌పీకి కూడా ఇచ్చారు. ఆ ఐదు రోజులూ నేను చేసింది ఒక్కటే. ఎక్స్‌ప్లోరర్ గుర్తును డెస్క్‌టాప్ మీద నుంచి తీసేసి, అందరినీ ఫైర్‌ఫాక్స్‌లో కూర్చోబెట్టాను. ఎక్స్‌ప్లోరర్ తప్ప ఇంకేదీ ఒప్పుకోని సైట్‌లో పని ఉన్నవాళ్లను మాత్రం తర్వాత రమ్మని పంపేశాను. డబ్బు పోయింది, పోనీ అనుకున్నాను.

ఇప్పటికీ నా పద్ధతి అదే. లోపం క్రోమియంలో ఉంటే ఫైర్‌ఫాక్స్‌కు మారండి. ఫైర్‌ఫాక్స్‌లో ఉంటే క్రోమ్‌కు మారండి. క్రోమ్ నుంచి ఎడ్జ్‌కు మారితే లాభం లేదు, లోపల ఇంజిన్ ఒకటే. కాకపోతే వెబ్‌పీ లాంటి లోపం అందరూ వాడే ఒకే భాగంలో ఉండబట్టి రెండు వైపులా తగిలింది. అలాంటప్పుడు బ్యాంకు పనులు రెండు రోజులు ఆ సిస్టమ్‌లో చేయకుండా ఉండటమే మేలు.

క్రోమ్‌కు ఈ మధ్య వచ్చిన జీరో డేలలో చాలానే వీ8 అనే భాగంలోవి. సైట్లలోని జావాస్క్రిప్ట్‌ను నడిపేది అదే. వేగం కోసం అది చేసే ఒక పని వల్లే అందులో ఎన్నో లోపాలు పుడుతుంటాయి, ఆ వేగాన్ని మనం ఆపుకోవచ్చు. ఎడ్జ్‌లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద సెక్యూరిటీ దగ్గర, వెబ్‌లో భద్రత పెంచుకునే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి స్ట్రిక్ట్ పెట్టండి. క్రోమ్‌లోనూ సైట్ సెట్టింగ్స్‌లో వీ8కు సంబంధించిన ఇలాంటి ఆప్షన్ ఉంది. కొన్ని సైట్లు నెమ్మదిస్తాయి, ఒకటీ అరా సరిగా తెరుచుకోవు. సవరణ వచ్చేదాకా ఓర్చుకోవచ్చు. బొమ్మల లోపాలకు మాత్రం ఇది పనిచేయదు.

ఏ రోజుకైనా పనికొచ్చేది ఇంకోటి ఉంది. సిస్టమ్‌ను అడ్మిన్ అకౌంట్‌తో వాడకండి. 2014 లోపంలో దొంగకు దొరికేవి ఆ సమయంలో కూర్చున్న మనిషికి ఎన్ని హక్కులున్నాయో అన్నే. అడ్మిన్‌గా కూర్చుంటే ఇల్లంతా వాడిదే. విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి, స్టాండర్డ్ యూజర్‌గా ఇంకో అకౌంట్ చేసుకుని రోజువారీ పని అందులో చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర మాత్రమే ఉండాలి.

పాత ప్రభుత్వ సైట్ల కోసమని ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా సైట్ తెరిచే పద్ధతి) వాడేవాళ్లున్నారు. ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్ 10లో 2022 జూన్ 15తో ఆపేసినా దాని ఇంజిన్ ఈ మోడ్‌లో బతికే ఉంది. 2025లో దొంగలు జనాన్ని ఏదో చెప్పి ఈ మోడ్‌లోకి రప్పించి దాడులు చేశారని మైక్రోసాఫ్టే చెప్పి, ఆ బటన్‌ను పైనుంచి తీసేసింది. ఇప్పుడు ఏ సైట్‌కు కావాలో ఆ సైట్ పేరు సెట్టింగ్స్‌లో రాసుకోవాలి. తప్పనిసరైన ఒకటి రెండు సైట్లకు తప్ప పెట్టుకోకండి. ఏదైనా పేజీ ‘ఐఈ మోడ్‌లో తెరవండి’ అని అడిగితే మూసేయండి.

విండోస్ 7 ఇంకా వాడుతున్నవాళ్లకు నా దగ్గర తీపి మాట లేదు. అందులో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన కొత్త వెర్షన్ ఏదీ ఎక్కదు. అబౌట్ పేజీ ఎన్నిసార్లు తెరిచినా లాభం లేదు. క్రోమ్ వదిలేశాక కూడా ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం సవరణలు ఇచ్చే రకం) కొంతకాలం విండోస్ 7కు సవరణలు ఇస్తూ వచ్చింది, కానీ కింద విండోసే 2020 జనవరి 14 నుంచి చిరిగినా అతుకు పడని చొక్కా. అలాంటి సిస్టమ్‌ను బిల్లింగ్‌కు వాడుకోండి, నెట్ వైరు పెట్టకండి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే ఇళ్లలోని సిస్టమ్‌లకు 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఎడ్జ్‌కైతే విండోస్ 10లో కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్ ఒకదాంట్లో నేను లినక్స్ మింట్ వేసి, ఫైర్‌ఫాక్స్ పెట్టాను. పిల్లలు రిజల్ట్స్ చూసుకోవడానికి, ఫారాలు నింపడానికి చక్కగా సరిపోతోంది.

ఎక్స్‌టెన్షన్ల గురించి, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ల గురించి, రెండు మాటలు. జాబితా తెరిచి, ఎందుకు పెట్టారో గుర్తులేని ప్రతిదాన్నీ తీసేయండి. ఇక ఫోను సంగతి. ప్లే స్టోర్‌కు వెళ్లి క్రోమ్‌తో పాటు, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కూడా అప్‌డేట్ చేసుకోండి.

‘కేంద్రం హెచ్చరిక, క్రోమ్ వాడేవాళ్లకు ముప్పు’ అని వాట్సాప్‌లో వీడియో వస్తే క్రోమ్ తీసేయకండి, అలాగని వదిలేయకండి కూడా. సెర్ట్-ఇన్ సైట్‌లో ఆ నోట్ ఉంటుంది, ఏ వెర్షన్‌కు ముందువి ప్రమాదమో అందులో రాస్తారు. ఆ నంబర్ రాసుకుని మీ నంబర్‌తో పోల్చండి. దాడులు ఇప్పటికే జరుగుతున్నాయని ఉంటే గురువారం దాకా ఆగొద్దు, ఆ పూటే చేయండి. క్రోమియం కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. సవరణ బయటికి రాగానే దాన్ని చూసి లోపం ఎక్కడుందో కనుక్కునేవాళ్లుంటారు, వాళ్లు వెతికేది ఇంకా మూసి తెరవని బ్రౌజర్ల కోసమే.

ఇప్పటికే ఏదో జరిగిందని అనుమానం ఉంటే మొదట నెట్ తీసేయండి. ఇంకో ఫోనులోనో వేరే సిస్టమ్‌లోనో మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా సైన్ అవుట్ కొట్టండి. అదే సిస్టమ్‌లో కూర్చుని మార్చితే కొత్తది కూడా వాడికి ఇచ్చినట్లే. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు లెక్క అక్కడ. ఫిర్యాదు అయ్యేదాకా ఫార్మాట్ కొట్టకండి. సెర్ట్-ఇన్ వాళ్లదే సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఉంది, అక్కడ సిస్టమ్ శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఇస్తారు.

ప్రొద్దుటూరు అబ్బాయి ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున షాపు తెరవగానే అబౌట్ పేజీ ఫొటో తీసి నాకు పంపిస్తాడు. నంబర్ సరిగా ఉంటే సరే అని పెడతాను. ఈ రోజు ఫొటో ఇంకా రాలేదు. భోజనాల వేళకు ఒకసారి ఫోన్ చేసి చూడాలి.